గోల్ఫు క్రీడాచార్యుడు హేరీ వార్డన్

మహాపురుషుల చరిత్రములనగా రాజులయొక్కయు, సేనానులయొక్కయు, పండితులయొక్కయు చరిత్రములే యని తలచుట లోకమున వాడుక. ఒక తోటమాలి కుమారుడు, కొలది చదువు మాత్రమే గలవాడు, చేతిలో నొక కర్రయు నెదుట నొక చిన్న బంతియు దప్ప వేరు సాధన మెరుగనివాడు, రెండు ఖండముల ప్రజలకు గురువై వెలసిన కథను ఈ సంచికలో మా విద్యార్థులకు చెప్పదలచితిమి. ఆతని పేరు హేరీ వార్డన్. ఆతని ఆట గోల్ఫు.

ఈ యాట మన పాఠశాల బాలు రాడునది కాదు. అయినను మన దేశమున కిది క్రొత్తదియు గాదు. కలకత్తా నగరమున 1829 వ సంవత్సరమందే గోల్ఫు సంఘ మొకటి స్థాపింపబడెను. విశాలమైన పచ్చికబయలున దూరదూరముగా పదునెనిమిది చిన్న గుంటలు త్రవ్వి యుంచుదురు. ఆటగాడు కర్రతో బంతిని గొట్టుచు పోయి, ఒక్కొక్క గుంటలో దానిని పడవేయవలెను. ఎవరు తక్కువ దెబ్బలతో పదునెనిమిది గుంటలను ముగింతురో వారిదే జయము. ఇందు ఎదిరి బంతిని మనపై కొట్టువాడు లేడు. మనలను త్రోయువాడు లేడు. బంతి నేలపై కదలక నిలిచి యుండును. కావున తప్పు జరిగిన యెడల ఆ నేరమును మోపుటకు వేరొకడు దొరకడు.

జననము, బాల్యము

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ సముద్రములో జెర్సీ యను చిన్న ద్వీపము కలదు. అందలి గ్రూవిల్ గ్రామమున 1870 వ సంవత్సరము మే నెల 9 వ తేదీని హేరీ వార్డన్ జన్మించెను. తండ్రి తోటపని చేసి కుటుంబమును పోషించుచుండెను. కుటుంబము పెద్దది, రాబడి స్వల్పము.

హేరీకి ఏడెనిమిదేండ్ల ప్రాయమున గ్రూవిల్ సముద్రతీరమునందలి పచ్చికనేలపై గోల్ఫు మైదానము నేర్పరచిరి. ఊరి పిల్లలు ధనవంతుల కర్రలు మోయుచు కొలది కాసులు సంపాదించిరి. మోయుచు మోయుచు ఆటను కనిపెట్టిరి. కర్రలు కొనుటకు డబ్బు లేదు గనుక ముండ్లచెట్ల కొమ్మలు కోసి, వానికి గట్టి చెక్కముక్కలను తలలుగా నమర్చి, తామే కర్రలు చేసికొనిరి. బంతులకు బదులు గోళీలను వాడిరి. తమ కొలతకు దగినట్లు చిన్న గుంటలు త్రవ్వుకొని వెన్నెలలో సైత మాడిరి. మన పల్లెలలో బిళ్లంగోడు కర్రను తామే చెక్కుకొను బాలుర కీ సంగతి వింతగా తోచదు.

హేరీ చదువు త్వరలోనే ముగిసి, కూలిపనికి పోవలసి వచ్చెను. పదునేడేండ్ల ప్రాయమున మేజర్ స్పాఫర్త్ అను గోల్ఫుప్రియుని యింట తోటమాలిగా చేరెను. ఆ దొర యప్పుడప్పుడు తన తోటమాలిని వెంట బెట్టుకొని ఆడించి, కొన్ని కర్రలనిచ్చి, ఈ యాటను విడువవలదని బోధించెను. హేరీ తమ్ముడు టామ్ అప్పటికే ఇంగ్లండునకు బోయి, కర్రలు చేయు పని నేర్చి, పందెములో బహుమాన మొకటి పొందెను. ఆ వార్త విని, టామ్ చేయగలిగినది తానును చేయగలనని తలచి, 1890 వ సంవత్సరమున హేరీ జెర్సీని విడిచి యార్కుషైరులోని రిపన్ పట్టణము చెంత మైదానము కాయు నుద్యోగమున ప్రవేశించెను. తండ్రి మాత్రము చిరకాలము టామే మేలైన ఆటగాడని వాదించుచుండెనట.

వంకర దెబ్బ

వార్డన్ ఘనత తెలియవలెనన్న గోల్ఫాటగాండ్రను పీడించు నొక దోషమును గూర్చి ముందుగా చెప్పవలసి యున్నది. ఆటగాడు ప్రతి గుంటకును మొదటి దెబ్బను సాధారణముగా డ్రైవరు అను మిక్కిలి పొడవైన కర్రతో కొట్టును. క్రొత్తవాడు శక్తికొలది కొట్టగా బంతి కొంతదూరము చక్కగా పోయినట్లే పోయి, పిమ్మట కుడివైపునకు వంగి పొదలలోనో ఇసుకలోనో పడును. కుడిచేతివాటము గలవారి కిట్లు కుడికి వంగు దెబ్బకు స్లైసు అని పేరు. ఎడమచేతివాటము వారికి బంతి ఎడమకు వంగును. క్రొత్తగా నేర్చువారిలో నధికసంఖ్యాకులకు ఈ వ్యాధి కలదు.

దీని కారణమును మొదట శాస్త్రరీతిగా విచారించినవారిలో ఎడింబరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్ ముఖ్యుడు. ఆయన బంతికి సన్నని పట్టీని కట్టి, కొట్టి, పట్టీకి పడిన మెలికలను లెక్కించి, ఎగురు బంతి తనలో తాను గిఱ్ఱున తిరుగుచుండునని ఋజువు చేసెను. బంతి వెనుకకు తిరుగుచు పోయినచో గాలి దానిని పైకెత్తును. ఆ తిరుగుడు ప్రక్కకు వాలినచో గాలి దానిని ప్రక్కకు లాగును. డ్రైవరు ముఖము ఇతర కర్రల ముఖమువలె వెనుకకు వాలినది కాదు. దాదాపు నిలువుగా నుండును. కావున బంతికి వెనుకకు తిరుగు వేగము తక్కువయై, ప్రక్కవాలు మిక్కిలి స్పష్టముగా బయలుపడును. పొట్టికర్రతో కనబడని తప్పు డ్రైవరుతో కొట్టినంతనే వెల్లడియగుట కిదియే హేతువు.

కర్ర పోవు మార్గ మొకటి. కర్రముఖము చూచు దిక్కు మరియొకటి. బంతి ముఖ్యముగా ముఖము చూచు దిక్కున బయలుదేరునని నేటి యంత్రములవలన తేలినది. ముఖము మార్గముకంటె కుడికి తెరచుకొని యున్నచో బంతి కుడికి వంగును. ఇక్కడనే ఆటగాడు మోసపోవుచున్నాడు. బంతి కుడికి పోవుచున్నది గదా యని ఆతడు ఎడమకు తిరిగి నిలిచి, కర్రను వెలుపలినుండి లోపలికి అడ్డముగా లాగి కొట్టును. అందువలన మార్గము ఎడమకు తిరుగును. ముఖమునకును మార్గమునకును నడిమి భేదము హెచ్చును. బంతి మునుపటికంటె నెక్కువ వంగును. మరింత బలముగా కొట్టిన సరిపోవునని పిడికిలి బిగించును. బిగించిన మణికట్టు తిరుగదు, ముఖము మూసికొనదు. దోషమును తొలగించుటకు చేసిన యత్నమే దోషమునకు ఎరువగుచున్నది.

వార్డన్ పట్టు

ఆ కాలమున అనేకులు కర్రను రెండు అరచేతులతోను గొడ్డలికామను పట్టినట్లు బిగించి పట్టుచుండిరి. ఇట్లు పట్టినచో రెండు చేతులును ఇద్దరు పనివాండ్రవలె చెరియొక త్రోవను పోవును. వార్డనును మొదట పాతరీతినే పట్టెడివాడు. పిమ్మట పలువిధములైన పట్లను పరీక్షించి తుదకు ఒకదానిని స్థిరపరచుకొనెను. అందు కర్ర అరచేతులలో గాక వ్రేళ్లలో నుండును. ఎడమచేతి బొటనవ్రేలు కుడి అరచేతిక్రింద ఒదుగును. కుడిచేతి చిటికెనవ్రేలు కర్రను తాకక ఎడమచేతి చూపుడువ్రేలిపై నెక్కి కూర్చుండును. ఇట్లు రెండు చేతులును ఒక్క చేయియై పనిచేయును.

ఈ పట్టును ఆతనికి ముందే స్కాట్లండువాడగు జాన్ లేయిడ్లే వాడియుండెను. జె. హెచ్. టేలర్ కూడ వాడెను. అయినను దానిని లోకమునకు తెలియజేసి వ్యాపింపజేసినవాడు వార్డనే గనుక ప్రజలు దానికి వార్డన్ పట్టు అని పేరిడిరి. ఆతని చేతులు మిక్కిలి పెద్దవి, బలమైనవి. అట్టి చేతులు గలవాడు కర్రను మృదువుగా పట్టుకొనుట చూపరులకు ఆశ్చర్యము కలిగించెను. కర్ర మెల్లగా లేచి, నిలువుగా పైకి బోయి, తొందర లేక దిగి వచ్చెడిది. బంతి మాత్రము ఇతరుల బంతులకంటె నెత్తుగా నెగిరి, కోరినచోట మెత్తగా దిగెడిది. ఉదయమున తాను కర్రతో చెక్కిన గుర్తులలోనే మధ్యాహ్నమున బంతి పడుటచే ఆతడు ఒకే మైదానమున దినమునకు రెండుమారు లాడజాలడని హాస్యకథ యొకటి పుట్టెను. అది అతిశయోక్తియే గాని, లేనివాని నేర్పును గూర్చి ఇట్టి కథలు పుట్టవు.

1905 వ సంవత్సరమున ఆతడు ప్రకటించిన సంపూర్ణ గోల్ఫాటగాడను గ్రంథమున పట్టు, నిలుకడ, కర్ర విసరు రీతి మొదలగువానిని చిత్రములతో వివరించెను. అందు నొక విశేషము గలదు. బంతిని కావలెనని కుడికో ఎడమకో వంచి కొట్టు విధమును కూడ ఆతడు బోధించెను. దారికి చెట్టు అడ్డమైనప్పుడు ఆ వంపే ఉపకారి. తెలియక వచ్చిన వంపు దోషము. తెలిసి తెచ్చిన వంపు విద్య.

నేటి గురువులును వంకర దెబ్బకు చికిత్సను చేతులనుండియే ప్రారంభింతురు. ఎడమచేతి నించుక కుడికి త్రిప్పి, క్రిందికి చూచినపుడు రెండు కణుపులు కనబడునట్లు పట్టవలెను. పిడికిలిని సడలింపవలెను. బంతిని ఎడమమడమకు సరిగా నుంచి, భుజములు గురివైపునకు సమముగా నుండునట్లు నిలువవలెను. కర్రను లోపలినుండి వెలుపలికి పోనీయవలెను. మొదట సగము విసురుతో, సగము బలముతో అనేకదినము లభ్యసింపవలెను. దూరము పిదప దానంతట నదియే వచ్చును.

జయములు

1896 వ సంవత్సరమున మ్యూర్‌ఫీల్డు మైదానమందు జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్పులో వార్డన్, టేలర్ ఇద్దరును 316 దెబ్బలతో సమానులైరి. టేలర్ అంతకు ముందు రెండు సంవత్సరములును వరుసగా ఆ బిరుదును పొందినవాడు. మరల పోటీ పెట్టగా వార్డన్ 157 దెబ్బలతోను, టేలర్ 161 దెబ్బలతోను ముగించిరి. తోటమాలి కుమారుడు బ్రిటను దేశపు మేటి ఆటగాడయ్యెను. 1898, 1899 సంవత్సరములందు మరల గెలిచెను. 1900 వ సంవత్సరమున అమెరికాకు బోయి, ఊరూర ఆడి చూపి, ఆ దేశపు ఓపెన్ ఛాంపియన్‌షిప్పును 313 దెబ్బలతో గెలిచెను. అప్పుడును రెండవవాడు టేలరే. వీరిద్దరును జేమ్సు బ్రెయిడును కలిసి 1894 మొదలు 1914 వరకు పదునారు పర్యాయములు బ్రిటిషు ఓపెన్ బిరుదును పంచుకొనిరి. మువ్వురును బీదకుటుంబములలో పుట్టి చేతిపని చేసి పైకివచ్చినవారే. పోటీలలో నెదిరించుకొన్నను వీరి నడుమ మైత్రి చెడలేదు.

వ్యాధి

ఇట్లు కీర్తి పెరుగుచుండగా దేహము క్షీణింప నారంభించెను. 1903 వ సంవత్సరమున ప్రెస్టువిక్కు మైదానమున పోటీ జరుగునాటికి ఆతడు మిక్కిలి బలహీనుడై, ఆట ముగియువరకు నిలువగలనో లేదో యని సందేహించు స్థితిలో నుండెను. అయినను 300 దెబ్బలతో నాలుగవమారు గెలిచెను. ఆరు దెబ్బల వెనుక రెండవవాడుగా నిలిచినది తమ్ముడు టామే. గెలిచిన కొలది కాలమునకే రక్తము పడెను. క్షయరోగమని వైద్యులు నిర్ణయించిరి.

ఆ కాలమున క్షయకు నేటి మందులు లేవు. శుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారము, ఓర్పు, ఇవియే చికిత్స. మదనపల్లె చెంత మిషనులవారు స్థాపించిన ఆరోగ్యవరమును ఎరిగిన మా చదువరులకు ఇట్టి వైద్యశాలల రీతి తెలిసియే యుండును. నార్ఫోకు తీరమున మండ్‌స్లీ శానటోరియమున వార్డన్ నెలలతరబడి పడకలో నుండెను. నడివయస్సు రాకమునుపే, కీర్తిశిఖరముననుండి ఒక్కమారుగా రోగశయ్యకు దిగుట ఎట్టి పరీక్షయో ఊహింపదగును. ఆతడు కోలుకొనెను గాని మునుపటి ఆట తిరిగి రాలేదు. పొడవైన దెబ్బలు చక్కగానే పడుచుండెను. గుంట చెంత మూడడుగుల దూరమునుండి బంతిని మెల్లగా తట్టవలసి వచ్చినప్పుడు మాత్రము కుడిచేయి తటాలున అదరెడిది. అందరి చేతులకు పట్టు నేర్పినవానికి తన చేయి తనకు లోబడకపోవుట దుర్భరము. అయినను ఆతడు ఆటను మానలేదు. ఎనిమిదేండ్లు వేచి, 1911 వ సంవత్సరమున అయిదవమారు బిరుదును గెలిచెను.

ఓటమి

1913 వ సంవత్సరమున వార్డన్, తన మిత్రుడు టెడ్ రే మరల అమెరికాకు బోయిరి. బోస్టను నగరము చెంత బ్రూక్‌లైనులో ఆ దేశపు ఛాంపియన్‌షిప్పు జరిగెను. ఈ ఇద్దరిలో నొకరు గెలుతురనుటకు సందేహించినవారు లేరు. అయితే ఫ్రాన్సిస్ వీమెట్ అను ఇరువది యేండ్ల యువకుడు వారితో సమానముగా 304 దెబ్బలతో ముగించెను. ఆతడు ఆ మైదానమున కెదురింట పెరిగి, చిన్నతనమున అచ్చటనే ఇతరుల కర్రలు మోసినవాడు. ఆతని తండ్రియు తోటమాలియే. ఆ దినమున ఆతని కర్రలు మోసిన బాలునికి పదేండ్లు మాత్రమే. మరునాడు వర్షమున ముగ్గురును మరల ఆడిరి. వీమెట్ 72, వార్డన్ 77, రే 78 దెబ్బలతో ముగించిరి.

జెర్సీ తీరమున కర్రలు మోసిన బాలుని, బ్రూక్‌లైనున కర్రలు మోసిన బాలుడు జయించెను. నలువదిమూడేండ్ల వార్డన్ వానపై గాని నేలపై గాని నేరము మోపక, ఆ యువకుని ఆటను నిండుమనస్సుతో కొనియాడెను. నాటినుండి అమెరికాలో గోల్ఫు ధనవంతుల వినోదము మాత్రమే యను తలంపు సడలి, సామాన్యులును ఆట నేర్వ మొదలిడిరి. ఈ ఓటమివలన వార్డన్ కీర్తికి లోపము గలుగలేదని మా యభిప్రాయము. అది ఆతని గుణమును వెల్లడించెను.

తుదిదినములు

మరుసటి యేడు, 1914 లో, మహాయుద్ధము ప్రారంభమగుటకు కొలదివారముల ముందు, ప్రెస్టువిక్కులో ఆతడు ఆరవమారు గెలిచెను. రెండవవాడు పాతమిత్రుడు టేలరే. బ్రిటిషు ఓపెన్ బిరుదును ఆరుమారులు గెలిచినవాడు నేటివరకు ఆతడొక్కడే.

1920 వ సంవత్సరమున ఏబదియేండ్ల వయస్సున అమెరికా పోటీలో మరల నిలిచెను. మొదటి దినమున ఆతనితోకూడ ఆడిన పదునెనిమిదేండ్ల బాలుడే తరువాత జగత్ప్రసిద్ధుడైన బాబీ జోన్సు. ఆ బాలుడు సులభమైన దెబ్బ నొకదానిని మిక్కిలి హీనముగా కొట్టి, సిగ్గుపడి, ఇంతకంటె చెడ్డదెబ్బను ఎన్నడైన చూచితిరా యని అడుగగా, వార్డన్ లేదని మాత్రము చెప్పి ముందుకు నడిచెనట. మితభాషి, అబద్ధ మాడువాడు కాడు. చివరిదినమున ఏడు గుంటలు మిగిలియుండగా వార్డనే ముందుండెను. అంతలో సరస్సు వైపునుండి పెనుగాలి లేచెను. అలసిన దేహము నిలువలేకపోయెను. ఒక్క దెబ్బ తేడాతో బిరుదు టెడ్ రేకు పోయెను.

లండను చెంత టాటరిడ్జిలోని సౌత్ హెర్ట్సు గోల్ఫు సంఘమున 1903 మొదలు మరణాంతము వరకు ఆతడు శిక్షకుడుగా నుండెను. రాజాధిరాజుల మెప్పు పొందిన చేతులు అచ్చట నిత్యమును క్రొత్తవారి వ్రేళ్లను కర్రపై సరిగా నమర్చుచుండెను. 1937 వ సంవత్సరము మార్చి 20 వ తేదీని అచ్చటనే కాలధర్మము నొంది, ఆ యూరి పరిశుద్ధ అంద్రెయ దేవాలయపు శ్మశానమున సమాధి చేయబడెను. ఆ సంవత్సరమే ఆతని పేర బహుమానపాత్రలు బ్రిటనులోను అమెరికాలోను ఏర్పరచబడెను. అయితే నేడు గోల్ఫుకర్రను పట్టువారిలో ఎక్కువమంది చేతులపై నిలిచియున్న ఆ చిటికెనవ్రేలి గుర్తే ఆతనికి తగిన స్మారకమని మాకు తోచుచున్నది.

విద్యార్థులారా, మీలో అనేకులు ఎన్నడును డ్రైవరును చేతబట్టకపోవచ్చును. కాని వంకరపోవు బంతులు ప్రతివాని బ్రదుకునను గలవు. లెక్క తప్పినప్పుడు కలమును గట్టిగా నొక్కువాడును, తగవు వచ్చినప్పుడు గొంతు హెచ్చించువాడును పిడికిలి బిగించిన ఆటగానివంటివారే. బంతి ఎటుపోయెనని దూరమునకు చూచుటకంటె ముందు మన చేతులు కర్రపై ఎట్లున్నవో చూచుకొనుట మేలు. తలిదండ్రులును ఉపాధ్యాయులును బాలుర తప్పులను దిద్దునపుడు బలముకంటె నోర్పు నెక్కువగా వాడుదురు గాక. తోటమాలి కుమారుడు లోకమునకు నేర్పిన పాఠ మిదియే.